అప్పలకొండ దిష్టి

పూర్ణయ్యగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే ఆయన దగ్గర శిష్యులు ఎక్కువకాలం నిలవరు. కేదారి మాత్రం మూడేళ్ళుగా నిలిచాడు. రక్తపు క్యాన్సర్ వచ్చిన చిన్నపిల్లల తల్లులు, వైద్యం జరిగినన్నాళ్ళూ తలదాచుకోవడానికి పూర్ణయ్యగారు ఆసుపత్రికి కాస్త దూరంలో ఒక సత్రం నడుపుతున్నారు. దాని తాళంచెవులు కేదారి మొలకే వేలాడుతుంటాయి. తాళంచెవులు ఉన్నవాడికి ధర్మం కూడా తన దగ్గరే ఉందనిపించడం సహజం.

ఒక ఉదయం అతను కోపంగా వచ్చి, "అయ్యా, సాటి తల్లి సంతోషం చూసి ఓర్వలేని మనిషికి మన కప్పు కింద చోటివ్వడం ధర్మమేనా?" అని అడిగాడు.

అతను అంటున్నది అప్పలకొండ గురించి. ఆమె కూతురు నూకాలూ, ఎదురుగది గౌరి కొడుకు జోగీ ఒకే రోజున ఆసుపత్రిలో చేరారు. ఒకటే జబ్బు, ఒకటే మందు, ఇద్దరికీ ఒకేసారి జుట్టు రాలింది. మొన్న పరీక్ష చేస్తే జోగి ఎముక మజ్జలో జబ్బు కనబడలేదు. నూకాలుకు కనబడింది. గౌరి ఆనందం పట్టలేక సత్రమంతా రవ్వలడ్డూలు పంచింది. అప్పలకొండ తన లడ్డూను వంటగది గట్టు మీదే వదిలేసి, "దేవుడికి ఆ గుంటడే కనబడినాడా? నా గుంట కనబడనేదా?" అని అందరూ వినేలా అంది. అప్పటినుంచి జోగి నవ్వు వినబడితే చాలు, తలుపు వేసుకునేది.

ఈవేళ తెల్లవారేసరికి జోగికి జ్వరం తగిలింది. మందులతో ఒంట్లో సత్తువ ఉడిగిన ఆ పిల్లలకు జ్వరమంటే ఆషామాషీ కాదు. గౌరి మొగుడు సొంతూళ్ళో పనిలో ఉన్నాడు, ఆసుపత్రికి తోడు వెళ్ళేవాళ్ళు లేరు. "దాని కళ్ళే పడ్డాయి" అంటూ గౌరి గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది.

పూర్ణయ్యగారు అంతా విన్నారు. "ఆటోకి కబురు పెట్టాను. ఈలోగా అప్పలకొండను ఖాళీ చేయమని నువ్వే వెళ్ళి చెప్పు" అన్నారు.

కేదారి వెళ్ళేసరికి అప్పలకొండ తన గదిలో లేదు. మూతికి మాస్కు కట్టుకుని, గుప్పెట్లో కల్లుప్పుతో గౌరి గుమ్మం ముందు నిలబడి ఉంది. గౌరి పిల్లవాణ్ణి గుండెకు అదుముకుని, "రాకు. నువ్వెలాటి సూపు సూసినావో నాకు తెల్దా?" అంటోంది.

"సూసినాను. నీ గుంటడికి తగ్గిందంటే నా కడుపు మండిపోనాది. ఇప్పటికీ మండతన్నాది. అందుకే ఈ దిష్టి నానే తియ్యాల. ఇంకోలు తీస్తే పోదు" అంది అప్పలకొండ.

 గౌరి కొడుకును ఒళ్ళో ఆమె వైపు తిప్పి కూర్చోబెట్టింది.

ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని ఊరందరినీ కలిపి తీయడం మనవాళ్ళ ఆనవాయితీ. అప్పలకొండ ఎవరినీ కలపలేదు. పిల్లవాణ్ణి ముట్టకుండా ఉప్పు తిప్పుతూ, "అప్పలకొండ దిష్టి, అప్పలకొండ దిష్టి, అప్పలకొండ దిష్టి" అంది. ఆ ఉప్పు బకెట్టు నీళ్ళలో వేసేలోగా ఆటో వచ్చింది.

ఆమె చేతులు సబ్బుతో కడుక్కుంది. నూకాలును తెచ్చి కేదారి చేతుల్లో పెట్టింది. "కుక్కర్లో అన్నం ఉన్నాది బాబూ. యేడిగా ఉన్నప్పుడే పెట్టండి, సల్లారింది పెట్టకండి" అని, గౌరి సంచీ భుజాన వేసుకుని ఆటో ఎక్కింది. వెళ్ళగొట్టడానికి వచ్చినవాడు ఆ బోడితల పిల్లను ఎత్తుకుని వంటగది వైపు నడిచాడు.

మధ్యాహ్నమైనా ఆసుపత్రి నుంచి కబురు లేదు. నూకాలుకు అన్నం తినిపించి, నిద్రపుచ్చి, కేదారి గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"మీరు చెప్పమన్న మాట చెప్పలేకపోయానయ్యా. ఇంతకీ ఆమెకు ఈర్ష్య పోయినట్టేనా?"

"ఎక్కడ పోయింది? దాన్ని కూడా ఆటో ఎక్కించుకునే వెళ్ళింది" అన్నారు పూర్ణయ్యగారు.