డబ్బాల్లో వచ్చిన కబురు

ఉదయం ఆరూ పదికి రేవులో బట్టలు ఉతుకుతున్న సన్నాసమ్మ బటన్ ఫోనుకు మెసేజ్ వచ్చింది. తెర నిండా అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలే. కిందటి నెల ఇలాంటి డబ్బాలు వచ్చిన గంటకే ఆనకట్ట నీళ్లు ఆమె చెల్లెల్ని ఈడ్చుకుపోయాయి. ఆమె గబగబా మూట కట్టింది.

మెసేజ్‌లో ఏముందో తెలియడం లేదని ఆమె అంటే, తనిఖీకని రేవులోకి దిగిన ఆనకట్ట ఇంజినీరు కసిరాడు. “గేట్లెత్తే ముందు తెలుగులోనే చెబుతున్నాం. చదువుకోకపోతే తప్పు మాదా?”

“అయితే తమరే చదవండి బాబూ. నేను గట్టెక్కి వింటాను.”

ఫోను ఆయన చేతిలో పెట్టి ఆమె పైకెళ్లింది.

“ఇందులో అక్షరాలేవీ?”

“ఈ ఫోనుకు తెలుగు రాదు బాబూ. తమరు పంపిందే కదా, తీరిగ్గా చూడండి.”

ఆయన ఎగువకు చూశాడు. మరుక్షణం చెప్పులొదిలి గట్టుకు పరుగెత్తాడు.

మధ్యాహ్నానికల్లా, హెచ్చరికలు ఇకపై ఫోన్ చేసి నోటితో చెప్పాలని ఆర్డరు వేశాడు.

ఆ డబ్బాల్లో ఉన్నవి తన ఆఫీసువాళ్లు పంపిన వినాయక చవితి శుభాకాంక్షలని ఆయనకు మూడు రోజుల తర్వాత తెలిసింది.