గంప కింద పదకొండు పిల్లలు

నతానియేలుకి కడుపుమంట. ఆరేళ్ళుగా జ్ఞానానందం అయ్యగారి ఆశ్రమంలో ఉంటూ బైబిలంతా నమిలి మింగినవాడు. నిరుడు వచ్చిన తీతు, గొర్రెలు కాసుకునేవాడు, అక్షరం ముక్క రానివాడు, అప్పుడే అయ్యగారికి ముద్దయిపోయాడు.

ఆ వారం ఒకామె అడిగింది, ఇన్ని రకాల కుక్కలూ గొర్రెలూ నోవహు ఓడలో ఎలా పట్టాయని. నతానియేలు గొంతు సవరించుకునేలోపే తీతు అందుకున్నాడు. దేవుడు జాతికో జంటనే ఎక్కించాడట, రకాలన్నీ ఆ జంట కడుపులోనే దాచాడట. మా మందలో ఒకే జంటకి నల్లపిల్లా పుట్టింది, ఎర్రపిల్లా పుట్టింది అన్నాడు. అయ్యగారు మురిసిపోయి, కోత పండుగకి ఇదే వాక్యం చెప్పించాలన్నారు. ఆదివారం తీతు, నతానియేలు ఇద్దరి మాటా విని, ఎవరు చెప్పాలో తేలుస్తానన్నారు.

తీతుకి గొర్రెలుంటే నాకు కోళ్ళు లేవా అనుకున్నాడు మనవాడు. పెరట్లో అయ్యగారి పెట్ట అప్పుడే పిల్లల్ని లేపింది. పదకొండు. నల్లవి, పసుపువి, చారలవి, మెడ మీద నూగు లేనిది ఒకటి.

ఆదివారం పెట్టనీ పిల్లల్నీ గంపతో సహా మందిరంలోకి తెచ్చాడు.

"ఒక్క తల్లి. ఎన్ని రకాలో చూడండి. ఓడలోని జంటా ఇలాంటిదే."

ముందు వరసలో సువార్తమ్మ మెల్లగా అంది, "ఆ బోడిమెడది మా కోడి గుడ్డు బాబూ."

చారలది మాది అంది వెనకామె. కానుకగా వచ్చిన గుడ్లన్నీ ఒక పెట్ట కింద పొదగేయడం అయ్యగారి అలవాటు. ఊరందరికీ తెలుసు. పుస్తకంలోంచి తలెత్తని నతానియేలుకే తెలియదు పాపం.

అందరూ నవ్వారు. తీతు నవ్వలేదు. అది నతానియేలుని ఇంకా మండించింది. కోత పండుగ వాక్యం తీతుకే దక్కింది.

సాయంత్రం అయ్యగారి దగ్గర బయటపడ్డాడు. "అనాథగా వచ్చి మీ చేతుల్లో పెరిగాను. వాడు నిన్నగాక మొన్న వచ్చాడు. వాడూ నేనూ ఒకటేనా అయ్యగారూ?"

ఆయన పెరట్లోకి నడిచి గంప ఎత్తారు. పిల్లలు తలో దిక్కుకీ పోయాయి. అంతలో పైన గద్ద నీడ కదిలింది. పెట్ట ఒక్క కూత కూసింది. పదకొండూ పరుగెత్తుకొచ్చి రెక్కల కింద దూరాయి.

"ఇందులో దాని సొంత గుడ్డు ఏదో చెప్పు నాయనా."

నతానియేలు వంగి చాలాసేపు చూశాడు. తెలియడం లేదన్నాడు.

"ఒక్కటీ కాదు. దాని గుడ్లు నేను పొదగేయనే లేదు."

నతానియేలు తల వంచుకున్నాడు.

కోత పండుగనాడు వాక్యం చెప్పడానికి తీతు లేచాడు. వాడికి చదవడం రాదు కదా. పక్కన నిలబడి బైబిలు తెరిచి, ఓడ కథ చదివిపెట్టింది నతానియేలే.