తవిటమ్మ కారుకి గట్టి ఛాంబరు

అనగా అనగా, బస్సు ఆగి వెనక్కి తిరిగిపోయే చోటికి ఇంకా అవతల, కొండ మొదట్లో ఒక ఊరు. పేరు నీలిగెడ్డ. గెడ్డ అంటే వాగు తల్లీ. ఆ వాగు దాటితేనే బజారు, దాటితేనే ఆసుపత్రి.

ఆ ఊళ్ళో తవిటమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకో పాత కారు. వాళ్ళ నాన్న తోలి తోలి, చూపు మసకబారాక తాళం కూతురి చేతికిచ్చాడు. ఊరంతటికీ అదొక్కటే కారు. జ్వరమొచ్చినా, పాము కరిచినా, నొప్పులొచ్చినా "తవిటమ్మా!" అని ఒక్క కేక. తింటున్న కంచం వదిలేసి వచ్చేది మహాతల్లి.

ఒకనాడు ఒక ముసలాయన్ని ఆసుపత్రిలో దింపి వస్తుంటే, వాగులో రాయి కారు అడుగున ఠంగుమని తగిలింది. ఇంటికొచ్చి చూస్తే నేల మీద నల్లగా నూనె. ఇంజను కింద ఇనుప పళ్ళెం ఒకటి ఉంటుందమ్మా. ఇంజనుకి కావలసిన నూనెంతా అందులోనే. దాన్ని ఛాంబరంటారు. అసలే తుప్పు పట్టింది, ఆ దెబ్బకి చిట్లింది.

అప్పటికి పక్కింటి చిలకమ్మకి నెలలు నిండాయి. చిలకమ్మ అత్తగారు అక్కమ్మ గుమ్మంలో నిలబడి, "ఏటే తవిటమ్మా, మా కోడల్ని ఇంకెలా తీసుకెల్తావే? అంబులెన్సు గెడ్డ అవతలే ఆగిపోద్ది" అంది. తవిటమ్మ గుండెల్లో రాయి పడింది. పైకి మాత్రం "నేనున్నాను గదత్తా" అంది.

అప్పుడు తవిటమ్మ చిట్లిన చోట బట్టల సబ్బు మెత్తగా చేసి అదిమింది. ఇంజను వేడెక్కగానే సబ్బు కరిగిపోయింది. ఆ తర్వాత ముద్దలా పిసికి అంటించే మందు పూసింది. ఊరి బయట గతుకుల్లో అదీ ఊడిపడింది. ఆ తర్వాత ఇంక కారు కదిలించలేదు. బస్సెక్కి పట్నంలో మెకానిక్కు మస్తాను దగ్గరికి వెళ్ళింది.

ఆయన తవిటమ్మ నాన్నకి పాత స్నేహితుడు. కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. "అతుకులు చాలమ్మా. నూనె లేకుండా తోలావంటే ఇంజను పట్టేస్తుంది. ఛాంబరే మార్చాలి. నేను రాలేను, నువ్వే మార్చు" అన్నాడు.

"నేనా బాబాయ్?"

"నువ్వే. తోలడం మాత్రం పుట్టగానే వచ్చిందా?"

పాత సామాన్ల కొట్లోంచి అలాంటి కారుదే గట్టి ఛాంబరొకటి తెప్పించాడు. ఛాంబరుకీ ఇంజనుకీ మధ్యలో వేసే పట్టీ, జిగురు, పానాలు మూటగట్టి ఇచ్చాడు. "బోల్టులు బిగించేటప్పుడు బలం చూపించకు. విస్తరాకు కుట్టినట్టు చెయ్యి. ఒక్కచోటే లాగితే ఆకు చిరుగుతుంది" అన్నాడు. తవిటమ్మకి విస్తళ్ళు కుట్టడం చిన్నప్పట్నుంచీ వచ్చు. అంచేత ఆ మాట చప్పున మనసుకెక్కింది.

ఊరికొచ్చి, ఇంటిముందు మనిషి పట్టేంత గొయ్యి తవ్వించింది. కారుని దాని మీదికి తోయించి, చక్రాలకి అటూ ఇటూ రాళ్ళు పెట్టి, గోతిలోకి దిగింది. పాత నూనె బేసినులోకి దింపింది. బోల్టులు విప్పింది. ఒక బోల్టు మొరాయించింది. దానికి కిరసనాయిలు పోసి, కాసేపాగి, సుత్తితో మెల్లగా తట్టి, బతిమాలినట్టు తిప్పింది. కిర్రుమంటూ వచ్చింది.

బోల్టులన్నీ వచ్చినా ఛాంబరు మాత్రం రాలేదు! అడ్డంగా ఇనుప దూలం ఉంది. ఇంజను పైకి లేస్తేగానీ ఛాంబరు బయటికి రాదు. తవిటమ్మ గోతిలోనే కూర్చుని ఆలోచించింది. అప్పుడు పైకొచ్చి, దుంగలు ముక్కాలిపీటలా నిలబెట్టి, నూతి గిలక తగిలించి, ఇంజనుకి మోకు కట్టి, "లాగండర్రా!" అంది. ఊరంతా మోకు పట్టింది. అక్కమ్మ కూడా కొంగు దోపి పట్టింది. ఇంజను బెత్తెడు లేచింది. కింద చెక్కలు దూర్చారు. తవిటమ్మ మళ్ళీ గోతిలోకి దిగి లాగితే ఛాంబరు చేతిలోకొచ్చింది.

ఆ తర్వాత పాత జిగురంతా చాకుతో గీకి, గుడ్డతో తుడిచింది. ఒక్క పిసరు ఇంజనులో పడనివ్వలేదు. కొత్త జిగురు రాసి, పట్టీ పెట్టి, గట్టి ఛాంబరు ఎత్తి, ముందు బోల్టులన్నీ వేళ్ళతోనే ఎక్కించింది. తర్వాత ఇటొకటి, అటొకటి, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చింది. ఏం ఓపిక తల్లీ ఆవిడది! ఇంజనుని మళ్ళీ దాని చోట కూర్చోబెట్టింది.

"ఇంక నూనె పోసెయ్యవే" అంది అక్కమ్మ.

"లేదత్తా, జిగురు ఆరాలి. ఇప్పుడు తొందరపడితే దార్లో ఏడవాలి."

అందరూ గొణిగారు. తవిటమ్మకీ లోపల భయమే, ఈలోపే నొప్పులొస్తేనో! అయినా చెయ్యి వెయ్యలేదు.

తెల్లారాక కొత్త నూనె పోసింది. తాళం తిప్పింది. నూనె అందకపోతే చెప్పే ఎర్ర దీపం ఒకసారి వెలిగి, ఆరిపోయింది. గోతిలోకి దిగి ఛాంబరు చుట్టూ తడిమింది. పొడి! సరిగ్గా అప్పుడే పక్కింట్లోంచి చిలకమ్మ "అమ్మా!" అంది.

చిలకమ్మనీ అక్కమ్మనీ ఎక్కించుకుని బయల్దేరిన తవిటమ్మ వాగు దగ్గర కారాపి, నీళ్ళలోకి దిగి, దారికడ్డొచ్చే రాళ్ళన్నీ ఏరి పక్కన పడేసింది. అప్పుడు దాటించింది. అవతలి గట్టు ఎక్కుతుంటే చూడాలి ఆ ముసలి కారుని, లేగదూడే అనుకో!

ఎండెక్కేసరికి ఆసుపత్రిలో ఆడపిల్ల కేరుమంది. నర్సమ్మ బట్టలో చుట్టి తెచ్చి అక్కమ్మకిచ్చింది. అక్కమ్మ పిల్లని తవిటమ్మ వైపు చాచింది.

"వద్దత్తా. నా చేతులు చూడు, ఎంత తోమినా మసి పోలేదు."

"ఆ సేతులేనే దీన్ని ముందు ఎత్తుకోవాల" అంది అక్కమ్మ.

తవిటమ్మ ఎత్తుకుంది. పిల్ల ఏడుపాపి నిద్రపోయింది.

కథ కంచి దారి పట్టింది,
కారు కొండ దారి పట్టింది,
కునుకు కంటి దారి పట్టింది,
పద తల్లీ, మనం ఇంటి దారి పడదాం!