కన్ను పెట్టని చిలక

అనగా అనగా, మీ తాతకు తాత కూడా పుట్టకముందు, సిరికోన అనే రాజ్యానికి ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరకేతు, కత్తి పడితే మేటి. రెండోవాడు శూరకేతు, గుర్రమెక్కితే మేటి. మూడోవాడు నీలకేతు, చెత్త ఏరితే మేటి. నవ్వకండర్రా, నిజమే చెబుతున్నా. ఎండిన సొరకాయ బుర్ర కనబడితే చాలు, చిరిగిన చీర పేలిక కనబడితే చాలు, జోలెలో వేసుకుని బొమ్మల వీధికి పరుగెత్తేవాడు. అక్కడ ఎర్రమ్మ అనే ముసలామె పక్కన కూర్చుని వాటితో బొమ్మలు చేసేవాడు.

ఎర్రమ్మ బొమ్మకు అన్నీ పెట్టి, కళ్లు మాత్రం చివర్లో పెట్టేది. పెట్టాక ఆ పూట ఇంకో పని ముట్టుకునేది కాదు. "కన్ను పెట్టినవాళ్ల ప్రాణం ఓ చుక్క బొమ్మలోకి పోతుంది నాయనా. మనకేం, లోపల చెరువంత ఉంది" అనేది.

ఇలా ఉండగా, ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు కరాళుడు పక్క రాజ్యపు రాజకుమారి వనమల్లిని ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదని, ఒక పచ్చ చిలకలో దాచుకున్నాడని లోకమంతా చెప్పుకునేది. ఆ చిలక మెడ విరిచి వస్తానని పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. అన్నను తెస్తానని రెండోవాడు వెళ్లాడు, రాలేదు. రాజు మంచం పట్టాడు. ఇక నేను వెళ్తానని మూడోవాడు అంటే, "ఉన్న ఒక్కడివీ పోతే నేనెవర్ని చూసుకుని బతకాలిరా?" అని ఏడ్చాడు. నీలకేతుకూ ఏడుపొచ్చింది. అయినా అన్నల మీద బెంగ ఆగనివ్వలేదు. జోలె భుజాన వేసుకుని బయల్దేరాడు.

అడవిలో ముళ్లకంపలో చిక్కిన ఉడుతపిల్లను విడిపించాడు. తల్లి ఉడుత తన తొర్రలోంచి ఒక చింతగింజ తెచ్చి ఇచ్చింది. రాజకుమారుడికి చింతగింజేమిటని అతను అనుకోలేదు, జోలెలో వేసుకున్నాడు. సముద్రపు ఒడ్డున వెల్లకిలా పడి కొట్టుకుంటున్న తాబేలును తిరగేశాడు. అది వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. అవతల ఒక కాకికి తన సద్దిమూటలో సగం పెట్టాడు.

కాకి తిన్నంత తిని అప్పుడు నోరు విప్పింది. కరాళుడి కోట గుమ్మంలో కత్తి పట్టుకుని అడుగుపెట్టినవాడు రాయైపోతాడట, అన్నలిద్దరూ అక్కడే రాళ్లై ఉన్నారట. "ఇంకో మాట. ఆ చిలక ఎవరనుకున్నావు? వనమల్లే. ఆమెను చిలకను చేసి, తన ప్రాణం ఆమెలో పెట్టాడు. వాడు చావాలంటే ఆమె చావాలి. ఆ పిల్ల దిగులుతో గింజ కూడా ముట్టడం లేదు" అంది.

చిలకను చంపితే అన్నలు లేస్తారు, ఏ పాపమూ ఎరగని పిల్ల పోతుంది. చంపకపోతే అన్నలు అలాగే రాళ్లు. నీలకేతు ఇసుకలో కూలబడ్డాడు. కానీ అవి ఊరికే ఉండే చేతులు కావు కదా, వాటంతటవే జోలెలోకి పోయాయి. సొరకాయ బుర్ర ఒళ్లయింది. రాలిన తాటాకు రెక్కలయింది. చింతగింజ ముక్కయింది. అమ్మ పాత చీర పచ్చ పేలిక ఈకలయింది. మిగిలిన సద్దన్నం మెదిపి, ఆ జిగురుతో అన్నీ అతికించాడు. కళ్ల దగ్గరికొచ్చేసరికి ఎర్రమ్మ మాట గుర్తొచ్చి చెయ్యి ఆగింది. అతని మొహంలో అప్పుడొచ్చింది నవ్వు.

బొమ్మలమ్మేవాడిలా కేక వేసుకుంటూ కోటకు వెళ్లాడు. చేతిలో కత్తి లేదు కాబట్టి గుమ్మం ఊరుకుంది. అన్నల రాతి మొహాల మీద దుమ్ము తుడిచి లోపలికి నడిచాడు. అక్కడ కరాళుడు జామపండు పట్టుకుని పంజరం ముందు బతిమాలుతున్నాడు. చిలక పస్తుంటే పోయేది వాడి ప్రాణమే మరి. దీనికి తోడు కావాలి స్వామీ అని నీలకేతు బొమ్మ చూపించాడు. చిలక దగ్గరికి జరిగింది. కళ్లులేని మొహం చూసి వెనక్కి జరిగింది.

"కళ్లేవిరా దీనికి? పెట్టు" అన్నాడు మాంత్రికుడు.

"నేను పెడితే నాదవుతుంది స్వామీ. మీరు పెడితే మీదవుతుంది."

అన్నీ తనవే కావాలనే రకం కదా వాడు! నీలకేతు అందించిన కాటుకలో వేలు ముంచి రెండు చుక్కలు పెట్టాడు. మనలాంటివాళ్లకైతే ఓ చుక్క ప్రాణం పోయేది. వాడి ఒంట్లో అసలుంటేగా? చిలకలో దాచిందంతా కదిలొచ్చి బొమ్మ కళ్లలో కూర్చుంది. బొమ్మ రెప్ప కొట్టింది. పంజరం విరిగి, చిలక ఉన్నచోట వనమల్లి నిలబడింది. మాంత్రికుడు చెయ్యి చాచేలోపు నీలకేతు బొమ్మను కిటికీలోంచి సముద్రంలోకి విసిరాడు. అన్నం జిగురు నీళ్లలో ఎంతసేపాగుతుంది? రెక్కలొక దారి, ముక్కొక దారి, బుర్రొక దారి పోయాయి. వాడు గుప్పెడు బూడిదయ్యాడు. తను చేసిన బొమ్మ అలా విడిపోతుంటే మాత్రం నీలకేతుకు కళ్లు చెమర్చాయి.

గుమ్మంలో అన్నలు ఆవలిస్తూ లేచారు. ఏ కత్తితో చంపావురా అని పెద్దవాడు అడిగాడు. "సద్దన్నంతో అన్నయ్యా" అని నీలకేతు వాళ్లిద్దర్నీ కావిలించుకున్నాడు.

కొడుకులు ముగ్గుర్నీ చూసి రాజు మంచం దిగాడు. నీలకేతుకూ వనమల్లికీ పెళ్లైంది. కొడుకులు లేని ఆమె తండ్రి తన రాజ్యం అల్లుడికిచ్చాడు. పెళ్లినాడు వనమల్లి ఒక్కటే కోరింది, ఆ చిలకను మళ్లీ చేసి పెట్టమని. అతను చేశాడు. ఒక కన్ను ఆమె పెట్టింది, ఒక కన్ను అతను పెట్టాడు. జుట్టు నెరిసేదాకా వాళ్లు రాజ్యమేలారు, ఆ చిలక సింహాసనం పక్కనుంచి ఇద్దర్నీ చూస్తూనే ఉంది.

కథ కంచిదాకా పోకుండా మన వాకిట్లోనే ఆగింది. ఒరే, ఆ నోట్లో చింతగింజ ఉమ్మి పారెయ్యకు, కడిగి ఇలా తే.