మిలటరీ లారీకి పదహారు అతుకులు

భార్గవ కడుతున్న బండిలో ఎక్కడానికి తగిన మనిషి ఒక్కరూ మిగల్లేదు. అదే అతని బాధ.

బండి పాత మిలటరీ లారీ. నాలుగు చక్రాలూ లాగుతాయి. ఏటి అడుగున రాతి గుండ్ల మీద కూడా పోగలదు. సైన్యం ఇక వద్దనుకుని వేలం వేస్తే, దస్తగిరి సాయిబు శిష్యులంతా కలిసి కొన్నారు. వెనక సైనికులు కూర్చునే బల్లలు పీకేసి, ఆ చోట పడకలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉన్న ఇనుప గదిని కట్టే పని భార్గవ తీసుకున్నాడు. ఏడు నెలలుగా అదే పని.

సాయిబు ఒకప్పుడు సైన్యంలో లారీ మెకానిక్కు. ఇరవై రెండేళ్లు మంచుకొండల్లో చేశాడు. ఒక శీతాకాలం బండి చెడిపోయి, ఒక ముసలి బౌద్ధ సన్యాసి గుహలో నలభై రోజులు ఉండిపోయాడు. ఆ నలభై రోజుల్లో ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు పాలకొండల అంచున, కడప రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉంటాడు. జనం ఇంజన్లు బాగుచేయించుకోవడానికి వస్తారు. కొందరు ఇంజను బాగయ్యాక కూడా వెళ్లరు. వాళ్లే శిష్యులు.

ఈ ఏడు ఆ సన్యాసి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆయనకిప్పుడు తొంభై ఒకటి.

"మంచు కరగగానే రా. వచ్చే ఏడు చూద్దాంలే అనుకోవద్దు."

సాయిబు మోకాళ్లు అరిగిపోయాయి. గుహకు రోడ్డు లేదు. చివరి మూడు రోజులు ఏట్లోనే పోవాలి, చలిలో బండిలోనే పడుకోవాలి. ఈ లారీ తయారైతేనే గురువును చూస్తాడు. కాకపోతే ఇక చూడడు. బయలుదేరడానికి పద్నాలుగు రోజులున్నాయి.

భార్గవ ఇంజినీరింగ్ మూడో ఏడులో కాలేజీ యజమాని మీద గోడపత్రిక అంటించి బయటికొచ్చినవాడు. చాలా చదివాడు. చదివిందంతా నాలుక చివరే ఉంటుంది. "ఇది లారీ కాదు, ఈ లోకానికి మనమిచ్చే జవాబు" అన్నాడు మొదటిరోజే. యుద్ధానికి పుట్టిన బండిలో కల్మషం లేని మనుషులే ప్రయాణించాలన్నాడు. ఒక పాత తలుపు రెక్క నుంచి మంచి టేకు పలక కోసి, దానిమీద తెల్ల రంగుతో పదకొండు నియమాలు రాసి, గదిలో తలుపు పక్కనే బిగించాడు. అడవి నరికించేవాడి సొమ్ము తిన్నవారు ఎక్కరాదు. మనుషుల్ని మందల్ని చేసే పార్టీల జెండా మోసినవారు ఎక్కరాదు. చెరకు రైతును ఏడిపించిన మిల్లు చక్కెర వాడేవారు ఎక్కరాదు. అట్లా పదకొండు.

ఒక్కో నియమమూ న్యాయమైనదే. అందుకే ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు.

మొదట గంగులప్ప పోయాడు. లారీ బాడీలు కట్టడంలో ముప్ఫై ఏళ్ల చేయి. అతని మోటారు సైకిలు మీద ఒక పార్టీ స్టిక్కరుంది. చించేయమన్నాడు భార్గవ. "మా బామ్మర్ది అంటించినాడు సామీ, చించితే ఇంట్లో గొడవ" అన్నాడు గంగులప్ప. అయితే రావద్దన్నాడు భార్గవ. పోతూ పోతూ గంగులప్ప ఒకే మాట చెప్పాడు.

"గదిని కింద చాసిస్ చట్రానికి వెల్డింగు పెట్టొద్దు సామీ. మధ్యలో చెక్కపట్టీ ఏసి, ముందర స్ప్రింగులు పెట్టు. కొంచెం కదలనీ."

"కదిలేది కూలుతుంది" అన్నాడు భార్గవ.

పదహారు చోట్ల వెల్డింగు పెట్టాడు. తలుపు వేస్తే గడ్డం గీసుకునే బ్లేడు కూడా దూరేది కాదు. కిటికీలకు ఇనుప చువ్వలు వేశాడు.

తర్వాత సారమ్మ వంతు. ఆమె రిటైరైన నర్సు. సాయిబు మోకాళ్లు చూసేది, వంట చేసేది ఆమే. ఆమె సామాన్లలో చక్కెర డబ్బా దొరికింది.

"అక్కా, ఇది మిల్లు చక్కెర."

"ఔ, తియ్యగానే ఉంది."

"నియమం చదివావు కదా?"

"అన్నీ చదివినా నాయనా. తొమ్మిదోది రెండుసార్లు చదివినా. ఆయుధం పట్టి జీతం తీసుకున్నవారు ఎక్కరాదంటివి. ఉస్తాద్ ఇరవై రెండేండ్లు తీసుకునె. ఆయన్ని యాడ కూర్చోబెడతావు, టాపు మీదా?"

భార్గవ పలక వైపు తిరిగాడు.

"ఆ లారీ కూడా ఎక్కకూడదేమో చూడు. అదీ మిలటరీదే" అని సారమ్మ డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది.

రెండ్రోజులు భార్గవ ఆ పలక ముందే కూర్చున్నాడు. తొమ్మిదో నియమం రాసినప్పుడు అతని మనసులో ఉన్నది యుద్ధాలు. మనుషులు కాదు. సాయిబు అసలే కాదు. కానీ ఒకరికోసం సడలిస్తే అది నియమమెట్లా అవుతుంది? రాజీ పడిన రోజే ఓడిపోయిన రోజని అతనే కదా అందరికీ చెప్పింది.

మూడోరోజు ఉదయం సాయిబు దగ్గరికి వెళ్లాడు. సాయిబు ఒక పాత కార్బురేటర్ను కిరసనాయిల్లో కడుగుతున్నాడు.

"ఉస్తాద్, నియమం మార్చితే అది నియమం కాదు. మార్చకపోతే మీరు ఎక్కలేరు. మీకోసం కట్టిన బండి ఇది. ఏం చేయమంటారు?"

సాయిబు కార్బురేటర్ను గుడ్డతో తుడిచాడు.

"లోపల పొయ్యి గట్టిగా బిగించినావా?"

"నేనడిగింది పొయ్యి గురించి కాదు."

"బండి నడిపి చూస్తా. నువ్వు లోపల కూర్చుని పొయ్యి కదుల్తాదేమో చూడు."

భార్గవకు ఒళ్లు మండింది. ఏడు నెలల్నుంచీ ఇదే తంతు. ఏదడిగినా నట్టు గురించో నీళ్ల గురించో జవాబు. అయినా ఎక్కి, తలుపు వేసుకున్నాడు.

షెడ్డు వెనకాల ఎండిన వంక ఉంది. చింతచెట్ల నీడలో గుండ్లు, గుంతలు. సాయిబు లారీని మెల్లగా అందులోకి దించాడు. ముందు కుడి చక్రం నడుమెత్తు గుండు మీదికి ఎక్కింది. వెనక కుడి చక్రం గుంతలోకి దిగింది. బండి ఆగింది. ఇంజను కూడా ఆగింది. క్యాబిన్ తలుపు చప్పుడు వినిపించింది, సాయిబు మెట్టు మెట్టుగా దిగడం వినిపించింది.

"పొయ్యి కదల్లేదు ఉస్తాద్!" అని లోపల్నుంచి అరిచాడు భార్గవ, కొంచెం గర్వంగా.

"మంచిది. దిగి రా."

తలుపు నెట్టాడు. రాలేదు. భుజంతో నెట్టాడు. కాలితో తన్నాడు.

"ఉస్తాద్, తలుపు పట్టేసింది."

"అట్నా."

సాయిబు చెట్టు కింద రాయి మీద కూర్చున్నాడు. సారమ్మ ఫ్లాస్కు తెచ్చి టీ పోసింది. భార్గవ చువ్వల్లోంచి చూస్తున్నాడు.

"బండి వెనక్కి తీయండి. దానంతటదే వస్తుంది."

"ఆడ ఏట్లో ఎవురు తీస్తారు?"

"ఇది ఏరు కాదు కదా!"

సాయిబు టీ తాగాడు.

సారమ్మ చువ్వల మధ్యనుంచి నీళ్ల సీసా అందించింది. "టీ కూడా ఇద్దునే. చక్కెర ఏసినా మరి."

"ఇది అన్యాయం అక్కా."

"ఏ రూలు ప్రకారమో చెప్పు, పదకొండులో లేకుంటే పన్నెండోది రాసుకో."

భార్గవ అరిచాడు. జ్ఞానం పేరుతో మనుషుల్ని బంధించడం ఆధిపత్యమన్నాడు. మౌనం కూడా ఒక హింసేనన్నాడు. బాగానే చెప్పాడు. ఇనుప గదిలో మాటలు గణగణ మోగాయి, ఎక్కువగా అతనికే వినిపించాయి. బయట సాయిబు చెప్పు విప్పి అందులోని గులకరాయి దులుపుకున్నాడు.

గంట గడిచింది. అరవడం ఆగాక వేరే చప్పుళ్లు వినిపించసాగాయి. కాళ్ల కింద ఎక్కడో ఇనుము మూలుగుతోంది. ఉండి ఉండి ఒక చోట 'టక్'మంటోంది. కిందికి వంగి చూశాడు. గది అడుగున ఉన్న మూత ఎత్తితే ఒక అతుకు కనిపించింది. దాని నడుమ వెంట్రుకంత చీలిక. చూస్తుండగానే పక్క అతుకు 'టక్'మంది.

లేచి తలుపు చూశాడు. పైమూల చౌకట్టు తలుపును కొరికిపట్టుకుంది. కిందిమూల వేలు దూరేంత సందు. చాసిస్ మెలితిరిగింది. గది దాంతోపాటు మెలితిరిగింది. అతను బ్లేడు దూరకుండా కట్టిన గది.

ఆ ఏట్లో మూడు రోజులు పోవాలి. ఇలాంటి గుండ్లు ఎన్నుంటాయి? పదహారు అతుకుల్లో మొదటి గంటకే రెండు పోయాయి. లోపల సాయిబు పడుకుని ఉంటాడు, తలుపు ఇట్లాగే పట్టేసి.

ఎదురుగా టేకు పలక ఉంది. చేయడానికి వేరే పనేమీ లేక చదివాడు. ఎక్కరాదు. ఎక్కరాదు. ఎక్కరాదు. పదకొండుసార్లు. లోపలున్నది తనొక్కడే.

చాలాసేపటికి కిటికీ దగ్గరికొచ్చాడు. గొంతు బొంగురుపోయింది.

"అక్కా."

"ఏంది?"

"గంగులప్పకు ఫోన్ చేస్తావా?"

సారమ్మ సాయిబు వైపు చూసింది. సాయిబు టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

గంగులప్ప అరగంటలో వచ్చాడు. మోటారు సైకిలును సరిగ్గా కిటికీ ఎదురుగా, స్టిక్కరు కనపడేలా నిలిపాడు.

"ఈడ నిలపొచ్చునా సామీ, మైలపడుతుందా?"

"మేస్త్రీ, ముందు తలుపు తీయించు."

"తలుపు తీయడానికేముంది. తలుపు బాగానే ఉంది."

వెనక కుడి చక్రం దగ్గర జాకీ పెట్టి, ఇరుసును లేపి, గుంతలో రాళ్లు పేర్చాడు. జాకీ ఎక్కే కొద్దీ ఇనుము మూలుగు తగ్గింది. ఉన్నట్టుండి తలుపు ఎవరూ ముట్టకుండానే తెరుచుకుంది.

భార్గవ దిగాడు. ఒళ్లంతా చెమట. నేరుగా సాయిబు ముందు నిలబడ్డాడు.

"ఇది ముందే చెప్పొచ్చు కదా!"

"నేను చెప్పినా" అన్నాడు వెనకనుంచి గంగులప్ప.

సాయిబు ఇనుము కోసే గ్రైండరు ఎక్కడుందో వేలితో చూపించాడు.

పదహారు అతుకులు కోయడానికి నాలుగు రోజులు పట్టింది. నిప్పురవ్వల్లో భార్గవ చేతులు బొబ్బలెక్కాయి. గదిని జాకీల మీద లేపి, గంగులప్ప చాసిస్ మీద చెక్కపట్టీలు పరిచాడు. వెనక బోల్టులతో గట్టిగా బిగించి, ముందు స్ప్రింగులు పెట్టాలి. ఎడమవైపు పట్టీ సరిపోయింది. కుడివైపు రెండు మూరలు తగ్గింది.

"గట్టి చెక్క కావాల. పొద్దుటూరు కట్టెల డిపో సోమారం దాకా తెరవరు" అన్నాడు గంగులప్ప.

బయలుదేరడానికి ఇంకా మూడు రోజులున్నాయి. అందులో సోమవారం లేదు.

భార్గవ గదిలోకి వెళ్లాడు. స్క్రూలు తీస్తున్న చప్పుడు వినిపించింది. టేకు పలక తెచ్చి గంగులప్ప ముందు పెట్టాడు.

గంగులప్ప పలకనూ, అతన్నీ చూశాడు. ఎందుకనో ఈసారి ఎగతాళి చేయలేదు.

"నిలువునా కొయ్యాల్సొస్తాది."

"కోయి."

"అక్షరాలు పైకి పెట్టనా, కిందికా?"

భార్గవ పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎట్లా పెడితే బరువు బాగా మోస్తుందో అట్లా పెట్టు."

బయలుదేరే ఉదయం సాయిబు మళ్లీ లారీని వంకలోకి దించాడు. అదే గుండు, అదే గుంత. క్యాబిన్ ఒకవైపు ఒరిగింది, గది ఇంకోవైపు. ముందు మూల స్ప్రింగు సాగి, గదికీ పట్టీకీ మధ్య రెండు వేళ్ల వెలుతురు కనిపించింది. గంగులప్ప బండి కింద కూర్చుని దాన్నే చూస్తున్నాడు. భార్గవ తలుపు వైపు చూస్తున్నాడు.

తలుపు లోపల్నుంచి తెరుచుకుంది. సారమ్మ గడప మీద నిలబడింది. ఒక చేతిలో టీ గ్లాసు, చంకలో చక్కెర డబ్బా.

"తాగుతావా, చదువుకుంటావా?" అంది. పలక ఉన్న చోట ఇప్పుడు నాలుగు స్క్రూ రంధ్రాలే ఉన్నాయి.

"నాకు చక్కెర లేకుండా ఇవ్వక్కా" అన్నాడు భార్గవ.

సారమ్మ ముఖం చిట్లించింది.

"డబ్బా పైఅరలో మాత్రం పెట్టకు" అన్నాడు మళ్లీ. "బండి ఊగుతుంది, పడిపోతుంది. కింద, పొయ్యి పక్కన చోటు చేశాను చూడు."

ముందు క్యాబిన్లోంచి సాయిబు తల బయటపెట్టాడు. భార్గవను, సారమ్మను, బండి కిందినుంచి దుమ్ము దులుపుకుంటూ లేస్తున్న గంగులప్పను చూశాడు.

"ఎక్కండి" అన్నాడు.