పవారణ నాటి వడపోత గుడ్డ

కృష్ణ ఒడ్డున కొండమీది భిక్షుణుల విహారంలో అందరూ తల్లి అని పిలిచే పెద్ద భిక్షుణి నాగబోధికి ఒక అలవాటు ఉండేది. తెల్లవారగానే నీళ్లు తనే వడపోసేది. నీటిలోని పురుగుదీ ప్రాణమే కదా, దాన్ని చంపకూడదని వాళ్ల నియమం. చూపు మందగించినా ఆ పని ఇంకెవరికీ ఇచ్చేది కాదు.

ఆశ్వయుజ పున్నమి పొద్దున శిష్యురాలు హంసిక అడిగింది: "అమ్మా, ఇవాళ పవారణ అంటారు. వానలు వెలిశాక ఒకరి తప్పులు ఒకరిచేత చెప్పించుకోవడం పండుగెలా అయింది?"

"పూర్వం కొందరు భిక్షువులు, నోరు విప్పితే తగువొస్తుందని వానాకాలం మూడు నెలలూ సైగలతోనే గడిపారట. ఏ గొడవా లేకుండా హాయిగా ఉన్నామని బుద్ధుడితో చెప్పుకున్నారు. మందలో గొర్రెలూ అలాగే ఉంటాయిగా అన్నాడాయన. అప్పుడు పెట్టిందే ఈ రోజు."

"అది పుట్టుక. నేనడిగింది పండుగెలా అయిందని."

తల్లి నవ్వి నీళ్లకుండ అందుకుంది.

హంసిక చూపు ఆమె చేతిలోని గుడ్డమీద పడి, వెంటనే పక్కకు తిరిగింది. అంచు దగ్గర వేలు దూరేంత చిరుగు. రెండు నెలలుగా తల్లికి అది కనబడలేదు. హంసికకు కనబడింది. చెబితే పెద్దావిడ ప్రాణంగా చూసుకునే పని ఆమె చేతిలోంచి పోతుందేమోనని జంకి, చిరుగు పడకుండా అదే గుడ్డను మడతపెట్టి చాటుగా ఆ నీళ్లు మళ్లీ వడపోస్తూ వచ్చింది.

సాయంత్రం అందరూ చేరారు. పెద్దవారే ముందు అడగాలి, అదీ మూడుసార్లు. నాగబోధి తల్లి గొంతుక్కూర్చుని చేతులు జోడించింది.

"మీరు చూసింది గానీ, విన్నది గానీ, అనుమానించింది గానీ, నాలో ఏ తప్పున్నా దయతో చెప్పండి. దిద్దుకుంటాను."

"అమ్మలో తప్పు వెతకాలంటే పట్టపగలు దీపం పట్టుకు తిరగాలి," అంది పక్కనున్న భిక్షుణి సామ. అందరూ కిసుక్కున నవ్వారు. తల్లి నవ్వలేదు. రెండోసారి అడిగింది. మూడోసారి కూడా అడిగింది. ఇక ఆ చేతులు కిందికి దిగితే మళ్లీ ఏడాదికే.

"అమ్మా," అంది హంసిక. "వడపోత గుడ్డ చిరిగింది. రెండు నెలలుగా చూస్తూనే ఉన్నాను. మళ్లీ వడపోశాను గానీ, కషాయానికని మీరు ముందే పొయ్యిమీద పెట్టేసిన నీళ్లను అందుకోలేకపోయాను."

సామ నవ్వు ఆగిపోయింది. తల్లి గుడ్డ తెప్పించుకుని అంచు వెంట వేలు పోనిచ్చింది. వేలు అవతలికి వచ్చింది. కాగిన నీళ్లు గుర్తొచ్చాయి కాబోలు, గుడ్డను కళ్లకద్దుకుంది.

"బాగుందే పిల్లా! నాకు తెలియకుండా ఎన్ని కుండలు మోశావు?" అంది. "సూది తీసుకురా. నువ్వు కుట్టు. రేపట్నుంచి ఈ కొస నేను పట్టుకుంటాను, ఆ కొస నువ్వు పట్టుకో."

హంసిక ఆమె పక్కనే కూర్చుని దారం ఎక్కించింది. రెండు నెలల్లో ఆ గుడ్డను తను చాటు లేకుండా ముట్టుకోవడం అదే మొదలు.

కుట్టు సగంలో ఉండగా తల్లి అంది: "పొద్దున ఏదో అడిగావు. ఇప్పుడు మళ్లీ అడుగు, చూద్దాం."