పేరమ్మ కోపం, గోధుమ మందు

"మీసాల పిల్లమ్మ మేనత్త ఇంట... మజ్జిగ చిలికిందీ..." ఆ తర్వాత ఏమిటో గుర్తు రాదు. చిన్నప్పటి ఆ పాటలో అంత ముక్కే పేరమ్మ మళ్లీ మళ్లీ పాడుకుంటుండేది.

చీరాలలో పెరుగు అమ్ముకునే ఈ పేరమ్మ మనసు వెన్నే గానీ, ఎవరి మాటా చివరిదాకా వినేది కాదు. "ఆఁ, తెలుసులే!" అని మధ్యలోనే తుంచేసేది.

ఆమెకు గోధుమ అనే పిల్లి ఉండేది. పాల గదిలోకి ఎలుకను రానివ్వకుండా కాపలా కాసి కాసి ముసలిదైపోయింది. ఇప్పుడు తిన్నది అరగడం లేదు, ఒకటే విరేచనాలు. ఒకరోజు కొట్టు గడపలోనే పాడు చేసింది.

"పెరుగు కొట్లో ఈ కంపేమిటే? ఆదివారం దాకా చూస్తాను. తగ్గకపోతే చేపల మార్కెట్లో వదిలేసి వస్తా," అన్నాడు భర్త సాంబయ్య.

పేరమ్మకు ఒళ్లు మండిపోయింది. "సత్తువ ఉన్నన్నాళ్లూ చాకిరీ చేయించుకుని ఇప్పుడు వదిలేస్తావా? రేపు నీకు కడుపు చెడితే నిన్నెక్కడ వదలమంటావయ్యా?" అని, పిల్లిని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లింది.

డాక్టరమ్మ షమీమ్ గోధుమను పరీక్షించి పొడి పొట్లాలు ఇచ్చింది. "ఇది ప్రోబయాటిక్ అండీ. కడుపులో మేలు చేసే సూక్ష్మజీవులు ముసలితనంలో తగ్గుతుంటాయి. ఈ పొడిలో అలాంటివే ప్రాణంతో ఉంటాయి. రోజూ తిండిలో కలపండి. అయితే ఆ తిండి..."

"తెలుసులేమ్మా! కొట్లో జనం నుంచున్నారు," అని పేరమ్మ ఒకటే పరుగు.

శనివారం వచ్చింది. గోధుమకు కొంచెం కూడా తగ్గలేదు. పేరమ్మ ఖాళీ పొట్లాలు కొంగున కట్టుకుని ఆసుపత్రికి దూసుకొచ్చింది.

"మందా ఇది, సుద్దపొడా? నోరులేని ముసలి ప్రాణిని కూడా మోసం చేస్తారా? రేపు మా ఆయన దాన్ని పారేస్తానంటున్నాడు, ఎవరిదమ్మా ఆ పాపం?"

మేకలతో వచ్చినవాళ్లు కూడా తిరిగి చూశారు.

"ఎలా పెట్టారండీ?" అని అడిగింది షమీమ్.

"ఎలా ఏమిటి! చేప ఉడికిన నీళ్లు పొయ్యి మీద కుతకుతలాడుతుంటే అందులో కలిపి, చల్లార్చి పెట్టాను."

"కుతకుతలాడే పాలలో తోడు వేస్తారా?"

"ఎవరన్నా వేస్తారా? వేస్తే తోడు చచ్చి..."

పేరమ్మ నాలుక కరుచుకుంది. అంతలోనే మళ్లీ ఉడుక్కుంది. "ఆ ముక్క అప్పుడే చెప్పొద్దా?"

"చెబుతుంటేనే కదా మీరు పరుగెత్తారు!"

పేరమ్మ మరికొన్ని పొట్లాలు అడిగి తీసుకుంది. ఇంటికెళ్లి సాంబయ్య ముందు నిలబడింది. "మందును ఉడకబెట్టి చంపింది నేను. తప్పు నాదైతే శిక్ష దానికా? నీ ఆదివారం నీ దగ్గరే ఉంచుకో!" సాంబయ్య తలూపి పెరుగు కుండలు సర్దుకోసాగాడు.

ఆనాటి నుంచి పేరమ్మ తిండి గోరువెచ్చగా అయ్యాకే పొడి కలిపి పెట్టింది. మెల్లమెల్లగా గోధుమ కడుపు కుదుటపడింది. మళ్లీ పాల గది గుమ్మంలో పడుకోసాగింది.

పేరమ్మ ఆ మాట చెప్పడానికి ఆసుపత్రికి వెళ్లింది. "ఈ పొడి అన్ని పిల్లులకూ ఇంత బాగా పనిచేయదు. మళ్లీ తేడా వస్తే వెంటనే తీసుకురండి," అంది డాక్టరమ్మ. పేరమ్మ కదలకుండా నిలబడి అంతా వింది.

షమీమ్ నవ్వి, ఆఖరున ఇలా అంది: "నోరులేని ప్రాణి కోసం కోపం రావడం మంచిదే పేరమ్మగారూ. కానీ ఎదుటివాళ్ల మాట చివరిదాకా విన్నాకే కోప్పడాలి."